నాలుగు ఎకరాల బీడులో ఆవులు, గొర్రెలు, మేకలు, కోళ్లు: చెక్కలు మార్చి మేపడం ఎలా

మాది కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ లోపే. మూడు ఎకరాల్లో చెనక్కాయ (వేరుశనగ), కంది వేసుకుంటాం. ఇంకో నాలుగు ఎకరాలు రాళ్లు ఎక్కువని మా మామగారి కాలం నుంచి బీడుగానే ఉంది. రెండు నాటు ఆవులు, ఒక దూడ, పన్నెండు నెల్లూరు గొర్రెలు, నాలుగు మేకలు, ఇరవై నాటుకోళ్లు ఆ బీడు మీదే బతకాలి.

మొదట్లో అందరిలాగే పొద్దున గేటు తీసి అన్నిటినీ ఒక్కసారిగా తోలేసేవాళ్లం. ఆగస్టుకల్లా గేటు దగ్గర, చెట్టు కింద, తొట్టి చుట్టూ నేల గీకినట్టు అయిపోయేది. దూరపు మూలలో మాత్రం గడ్డి ముదిరి పీచైపోయేది, దాన్ని ఏ పశువూ ముట్టేది కాదు. ఒకే పొలంలో ఒక చోట కరువు, ఇంకో చోట వృథా. ఇప్పుడు అదే నాలుగు ఎకరాలను పది చెక్కలు, అంటే పది చిన్న ముక్కలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మేపుతున్నాం. పశువైద్యులు దీన్ని రొటేషనల్ గ్రేజింగ్ అంటారు. మీకు ఇలాంటి చిన్న కమతం ఉంటే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో వరసగా చెప్తాను.

ముందు గడ్డి సంగతి తెలుసుకోండి

పశువు ఒకసారి కొరికాక గడ్డి తన మొదట్లో, వేళ్లలో దాచుకున్న బలంతో కొత్త ఆకు తీస్తుంది. వానల్లో ఐదారు రోజులకే ఆ ఆకు మళ్లీ నోటికి అందేంత లేస్తుంది. లేతది కాబట్టి గొర్రె ముదురు గడ్డిని వదిలేసి దాన్నే వెతుక్కుంటుంది. ఆ రెండో కొరుకుడే గడ్డిని దెబ్బతీస్తుంది. దాచుకున్న బలం అప్పటికే ఖర్చయిపోయింది, కొత్త ఆకు ఇంకా ఏమీ సంపాదించలేదు, అంతలో అదీ పోయింది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే వేరు కురచవుతుంది. తర్వాత పది రోజులు వాన ముఖం చాటేస్తే ఆ గడ్డి నిలవలేదు. ఖాళీ అయిన చోట వయ్యారిభామ మొలుస్తుంది.

అందుకని ఈ పద్ధతిలో గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు అంకెలు. ఒక చెక్కలో మందను ఎన్ని రోజులు ఉంచాలి, అదే చెక్కలోకి మళ్లీ ఎన్ని రోజులకు రావాలి. వానాకాలంలో మేము నాలుగు రోజులు ఉంచి, ముప్పై ఆరు రోజులు ఆపుతాం. పది చెక్కలు, ఒక్కోదానికి నాలుగు రోజులు, మొత్తం నలభై రోజుల చుట్టు. మీ దగ్గర వానలు ఎక్కువై గడ్డి త్వరగా లేస్తే ముప్పై రోజులకు రావచ్చు. తక్కువైతే యాభై రోజులైనా ఆగాల్సిందే. నాలుగు రోజుల గడువును మాత్రం వానల్లో పెంచకండి. దానికి ఇంకో కారణం కూడా ఉంది, కింద నట్టల (పొట్టలో పెరిగే పురుగుల) దగ్గర చెప్తాను.

మీ మందకు రోజుకు ఎంత మేత కావాలి

పశువు ఏదైనా తన బరువులో ప్రతి వంద కిలోలకు రెండున్నర నుంచి మూడు కిలోల ఎండుమేతకు సమానమైనది తింటుంది. పచ్చిగడ్డిలో నాలుగింట మూడు వంతులు నీళ్లే. కాబట్టి 300 కిలోల నాటు ఆవుకు రోజుకు సుమారు 30 కిలోల పచ్చిగడ్డి, వంద కిలోల దూడకు 12, ముప్పై కిలోల గొర్రెకో మేకకో 4 కిలోలు అనుకోండి. మా లెక్క ఇలా వచ్చింది: ఆవులకు 60, దూడకు 12, గొర్రెలకు 48, మేకలకు 16. మొత్తం రోజుకు 136 కిలోలు.

ఇప్పుడు పొలంలో ఎంత ఉందో చూడాలి. నాలుగు వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రం కట్టండి. గడ్డి బాగా ఉన్న చోట, రాళ్లున్న చోట, మధ్యరకంగా ఉన్న చోట, ఇలా ఐదారు చోట్ల దాన్ని పడేసి లోపలి గడ్డిని నేలకు ఆనించి కోసి తూకం వేయండి. మా బీడులో మంచి చోట 700 గ్రాములు వచ్చింది, రాళ్ల చోట 150 వచ్చింది. సగటున 400 అనుకున్నాం. కంటితో చూసి అంచనా వేస్తే ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది, తూకం తప్పకుండా వేయండి.

పది చెక్కల్లో ఒక్కోటి 40 సెంట్లు, తెలంగాణ లెక్కలో 16 గుంటలు. అంటే దాదాపు 1,600 చదరపు మీటర్లు. అందులో గడ్డి 640 కిలోలు. దాంట్లో సగమే మనది. మిగతా సగంలో కొంత తొక్కుడుకు పోతుంది, కొంత పేడ పడి పాడవుతుంది, కొంత గడ్డి మళ్లీ లేవడానికి మొదట్లో ఉండాలి. చేతికొచ్చేది 320 కిలోలు. నాలుగు రోజులకు మాకు కావాల్సింది 544.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మేత రెండున్నర రోజులకే అయిపోయింది కదా అని చెక్క మార్చేస్తారు. రెండేసి రోజులకు మారిస్తే పది చెక్కలూ ఇరవై రోజుల్లో అయిపోతాయి. మొదటి చెక్కకు పద్దెనిమిది రోజుల విశ్రాంతి కూడా సరిగా దొరకదు. రెండో చుట్టులో గడ్డి ఇంకా తగ్గుతుంది, ఇంకా తొందరగా మార్చాల్సి వస్తుంది, మూడో చుట్టుకు బీడు ఎప్పటిలాగే నున్నగా అవుతుంది. తక్కువ పడిన మేతను సాయంత్రం దొడ్లో వేయండి. మా లెక్కలో రోజుకు 56 కిలోల పచ్చిగడ్డి లోటు, అంటే దాదాపు 15 కిలోల చెనక్కాయ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండుమొక్క), జొన్న చొప్ప. అంత ఎండుమేత మీ దగ్గర లేకపోతే వానలు మొదలయ్యే ముందే రెండు పొట్టేళ్లో, ముసలి గొర్రెలో అమ్మేయడం మంచిది. ఆగస్టులో బక్కచిక్కాక అమ్మితే ధర రాదు.

చెక్కలు విడగొట్టడం: కంచె కంటే ముందు నీళ్లు

కాగితం మీద పొలం గీసుకుని మొదట నీళ్లు ఎక్కడ ఉంటాయో గుర్తుపెట్టండి. ఆవుకు రోజుకు 40 నుంచి 50 లీటర్లు, ఎండల్లో పాలిచ్చే ఆవుకు ఇంకా ఎక్కువ కావాలి. గొర్రెకు మూడు నుంచి ఐదు లీటర్లు. మా మందకు రోజుకు 200 లీటర్ల పైనే పెట్టుకుంటాం. అన్ని చెక్కల నుంచీ ఒకే తొట్టికి నడిపిస్తే ఆ దారిలోనే పేడంతా పడుతుంది, గడ్డికి అందదు. అందుకని బోరు నుంచి ఒక పైపు పొలం మధ్యలో వేసి, రెండు చెక్కల హద్దు మీద ఒక తొట్టి వచ్చేలా పెట్టాం. ఐదు తొట్లు పది చెక్కలకు సరిపోయాయి. నల్ల పైపు నేల మీదే ఉంటే మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోతాయి, పశువులు తాగవు. జానెడు లోతున పూడ్చండి, కుదరకపోతే తెల్లవారుజామునే తొట్లు నింపేయండి.

తర్వాత నీడ. ప్రతి చెక్కలో వేపో కానుగో ఒకటి వచ్చేలా హద్దును అటూ ఇటూ జరపండి. గీతలు తిన్నగా లేకపోయినా ఫరవాలేదు. చెట్టు లేని చెక్కను చలికాలానికి ఉంచుకోవచ్చు. మధ్యలో పది అడుగుల దారి వదిలితే ఏ చెక్కలో నుంచి ఏ చెక్కలోకైనా ఒక్కరే తోలుకుపోవచ్చు.

ఇప్పుడు కంచె. చుట్టూ ఉన్న బయటి కంచె గట్టిగా ఉండాలి. మాకు కంపకంచె, మధ్యమధ్య రాతికూసాలకు తీగ. లోపలి హద్దులకు అంత అక్కర్లేదు. మేము సోలార్ కంచె మెషీన్ ఒకటి, ప్లాస్టిక్ కర్రలు, చుట్టి తీసేసే తీగ వాడుతున్నాం. ఆ రోజు మేసే చెక్క, రేపు మేసే చెక్క, ఈ రెండింటి చుట్టూ తీగ ఉంటే చాలు. ఆవులకు నడుము ఎత్తున ఒక్క తీగ సరిపోతుంది. గొర్రెలకు, మేకలకు మూడు వరసలు కావాలి. కింది తీగ నేలకు జానెడు ఎత్తులో, పైది మోకాలు దాటి రెండున్నర అడుగుల దాకా. నెల్లూరు గొర్రెకు ఉన్ని కాక వెంట్రుకే ఉంటుంది కాబట్టి షాక్ బాగా తగులుతుంది. ఉన్ని ఉన్న దక్కనీ నల్ల గొర్రె మెల్లగా దూరిపోతుంది, దానికి వల నయం. తీగలో 4,000 వోల్టులకు తగ్గితే మేక లెక్కచేయదు, టెస్టర్ ఒకటి కొనుక్కోండి. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్తింగ్ సరిగా పట్టదు, ఎర్తు కడ్డీల దగ్గర రెండు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి.

కొత్త పశువులను నేరుగా తీగ దగ్గరకు తోలకండి. దొడ్లో ఒక మూల తీగ కట్టి రెండు మూడు రోజులు అలవాటు చేయండి. ముక్కుతో ఒకసారి తాకి చూశాక ఇక జోలికి పోవు.

ఒక్క మాట చాలా గట్టిగా చెప్పాలి. ఇంటి కరెంటును, మోటారు కరెంటును ఎప్పుడూ కంచెకు కలపకండి. సోలార్ మెషీన్ సెకనుకోసారి, కన్ను మూసి తెరిచేలోపు ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది. అందుకే అది పట్టుకున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకోగలుగుతాడు. 230 వోల్టుల కరెంటు వదలదు. అడవిపందుల కోసం అలా తీగ పెట్టి, చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లిన సొంత ఇంటివాళ్లనే పోగొట్టుకున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అది నేరం కూడా.

మెషీన్ కొనే స్తోమత లేకపోతే ఆగిపోవాల్సిన పని లేదు. మందల కాపరులు రాత్రిపూట కట్టే వలే పగలు కూడా పనికొస్తుంది. ఆవులను పొడవాటి పలుపుతో గూటానికి కట్టి, రోజుకు రెండుసార్లు గూటం మార్చి కూడా ఇదే పద్ధతి నడపొచ్చు. మా అత్తగారు ఏ కంచే లేకుండా చేతిలో కర్రతో ఒక ఏడాదంతా చెక్క హద్దులు కాపాడారు. ముఖ్యం రోజుల లెక్క తప్పకపోవడం.

ఎవరు ముందు, ఎవరు వెనక

ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగి తింటుంది, అందుకని దానికి ఎత్తైన గడ్డి కావాలి. గొర్రె పెదాలతో ఏరుకుని నేలకు దగ్గరగా కొరుకుతుంది. మేక తల పైకెత్తి ఆకు, రేగుకంప, తుమ్మ చిగుళ్లు చూస్తుంది. ముగ్గురూ ఒకే పొలంలో తిన్నా పెద్దగా పోటీ పడరు. అందుకే నాలుగు ఎకరాల్లో ఒక్క రకం కంటే మూడు రకాలు కలిపి పెంచడం నాకు ఎక్కువ నచ్చింది.

ఆవుల మందను ఒక చెక్కలో, గొర్రెలను దాని వెనక చెక్కలో విడివిడిగా తిప్పమని కొందరు చెప్తారు. పెద్ద కమతానికి అది బాగుంటుంది. పది చెక్కలున్న ఇంట్లో అలా చేస్తే ఒకేసారి రెండు చెక్కలు నోట్లో ఉంటాయి, విశ్రాంతి రోజులు తగ్గిపోతాయి, పని రెట్టింపవుతుంది. అన్నిటినీ ఒకే మందగా తిప్పండి. చెక్క మార్చే రోజు మాత్రం చిన్న వరస పాటించండి. మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటలకు, మొదట పాలిచ్చే ఆవును, దూడను, గొర్రెపిల్లలను వదలండి. గంట పోయాక మిగతావాటిని తోలండి. మంచి మేత మొదట ఎవరికి అవసరమో వాళ్లకు అందుతుంది.

గడ్డి జానెడు దాటాకే లోపలికి వదలండి. సగటున నాలుగు వేళ్ల ఎత్తుకు దిగిందంటే నాలుగు రోజులు కాకపోయినా బయటికి తీసేయండి. మిగిలిన రోజులు దొడ్లో మేత వేయండి, వచ్చే చెక్క మీద పడొద్దు.

మేకల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వాటిని గడ్డి మీదే వదిలేస్తే చిక్కిపోతాయి, కంచె దూకడం కూడా నేర్చుకుంటాయి. మేము హద్దు వెంట సుబాబుల్, గ్లిరిసిడియా, అవిసె చెట్లు వేశాం. రోజూ కొన్ని కొమ్మలు కొట్టి చెక్కలోనే వేలాడదీస్తాం. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటకూడదు, అందులో ఉండే మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలతాయి. దూకే మేకకు మెడలో గుదికర్ర కట్టండి. అప్పటికీ మానకపోతే అమ్మేయండి, దాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి.

నట్టలు: వానల్లో నాలుగు రోజులే ఎందుకు

మేము రెండో ఏడాది ఈ విషయం తెలుసుకోవడానికి మూడు గొర్రెపిల్లలను పోగొట్టుకున్నాం. ఆగస్టులో వానలు బాగా పడ్డాయి, మొదటి చెక్క పచ్చగా కళకళలాడుతోంది. పదిహేనో రోజుకే మందను అందులోకి తోలేశాం. సెప్టెంబర్‌లో పిల్లలు వెనకబడ్డాయి, దవడ కింద నీరు దిగింది, కనురెప్ప తిప్పి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది. డాక్టర్ గారు వచ్చేసరికే రెండు పోయాయి, మర్నాడు ఇంకోటి పోయింది.

పొట్టలో రక్తం పీల్చే నట్టలు రోజుకు వేల గుడ్లు పెడతాయి. అవి పెంటికలతో నేల మీద పడతాయి. వెచ్చగా, తడిగా ఉంటే నాలుగు నుంచి ఏడు రోజుల్లో గుడ్డు పగిలి, జీవానికి పట్టగలిగే పిల్లపురుగు తయారవుతుంది. తడి ఉన్నప్పుడు అది గడ్డి మీదకు పాకుతుంది, ఎక్కువగా కింది రెండు అంగుళాల్లోనే ఉంటుంది. మంద అప్పటికీ అదే చెక్కలో ఉంటే తమ పురుగులను తామే తింటాయి. అందుకే నాలుగో రోజు దాటకముందే బయటికి తేవాలి. మన వేడికి ఆ పిల్లపురుగులు చల్లని దేశాల్లోలాగ నెలల తరబడి బతకవు. ఐదు వారాలు ఖాళీగా ఉంచితే చాలావరకు చస్తాయి. పదిహేను రోజులకు వస్తే అప్పుడే అవి నిండుగా ఉంటాయి. మేము చేసింది సరిగ్గా అదే. గడ్డికి కావాల్సిన లెక్కా, నట్టలు తప్పించుకునే లెక్కా ఒక్కటే అయ్యాయి కాబట్టి ఈ పద్ధతి మీద నాకు అంత నమ్మకం.

ఆవులు కలిసి మేయడం కూడా ఇక్కడ సాయం చేస్తుంది. గొర్రెకు పట్టే నట్టల్లో చాలావాటికి ఆవు పొట్టలో బతుకు లేదు. ఆవు తిన్న పురుగు చచ్చినట్టే. గొర్రెకూ మేకకూ మాత్రం అవే నట్టలు, ఆ రెండింటినీ ఒకటిగానే లెక్కపెట్టండి. మేక తల ఎత్తి ఆకు తిన్నంతసేపూ దానికి నట్టలు తక్కువ పడతాయి. గడ్డి మీద వదిలితే గొర్రె కంటే ముందు అదే నీరసపడుతుంది.

వానల్లో పదిహేను రోజులకోసారి ప్రతి జీవం కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే మందు వద్దు. పాలిపోతుంటే దానికి మాత్రమే డాక్టర్ చెప్పిన మోతాదులో నట్టల మందు పట్టండి. అన్నిటికీ ఒకేసారి మందు పోసి, ఆ రోజే కొత్త చెక్కలోకి తోలకండి. మందుకు లొంగని పురుగుల గుడ్లు మాత్రమే ఆ శుభ్రమైన చెక్కలో పడతాయి, నాలుగైదేళ్లకు ఆ మందు పనిచేయడం మానేస్తుంది. ఐవర్‌మెక్టిన్ వాడిన పశువు పేడ కొన్నాళ్లు పేడపురుగులకు విషం. పేడను నేలలోకి దించే పని ఆ పురుగులదే కాబట్టి అవసరం లేనిదే ఆ మందు జోలికి పోము.

నీళ్లు నిలిచే గుంట, చెరువు అంచు మీ చెక్కల్లో ఉంటే దాన్ని కంచె కట్టి వేరు చేయండి. జలగ వ్యాధి (కాలేయానికి పట్టే పురుగు) అక్కడి నత్తల నుంచే వస్తుంది. టీకాలు కూడా మరవద్దు. చిటుక రోగానికి, గొంతువాపుకు, జబ్బవాపుకు వానలకు ముందే వేయించాలి. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు. ఊరికి వచ్చే సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు. సంతలో కొన్న జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టేశాకే మందలో కలపండి.

కోళ్లు చివర్లో

మంద చెక్క ఖాళీ చేసిన రెండో, మూడో రోజు కోళ్ల గూడును అక్కడికి జరపండి. అప్పటికి పేడలో ఈగ పురుగులు బలిసి ఉంటాయి. కోళ్లు పేడను కెలికి వాటిని తింటాయి, ఆ కెలుకుడుకే పేడ పలచగా పరుచుకుంటుంది. మా గూడు పాత రేకులతో చేసింది, కింద రెండు సైకిల్ చక్రాలు. ఇద్దరు లాగితే కదులుతుంది. రాత్రి తలుపు వేయడం ఒక్కరోజు మరిచిపోయినా ముంగిసో జంగపిల్లో వచ్చిపోతుంది.

కోళ్ల గింజలు జీవాలకు అందకుండా చూడండి. మేక ఒక గంపెడు జొన్నలు, నూకలు తిన్నదంటే పొట్టలో పులుపెక్కి ఒక్క రోజులో పోతుంది. ఇంకో జాగ్రత్త, ఆవులకిచ్చే ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకండి. అందులో రాగి ఉంటుంది, గొర్రె దాన్ని తట్టుకోలేదు. గొర్రెలది అని రాసి ఉన్నదే విడిగా కొనండి.

ఏవి నోట పడకూడదు

కోత అయ్యాక చేలల్లో మేపడం మనకు అలవాటే, ఆ నెలలో బీడుకు అదనపు విశ్రాంతి దొరుకుతుంది. కానీ బెట్టకు గిడసబారిన జొన్న, కోశాక లేచిన లేత పిలకలు నాము, అంటే వాటిలో సైనైడ్ విషం ఉంటుంది. ఆకలి మీద ఉన్న ఆవు నిమిషాల్లో పడిపోతుంది. నాము తిందని అనుమానం వస్తే ఆగకుండా డాక్టర్‌ను పిలవండి, విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఆలస్యమైతే పనికిరాదు. ఆముదం, గన్నేరు, గుంట గట్ల మీది లొట్టపీసు పీకేయండి. పక్క చేనులో మందు కొట్టారేమో అడగనిదే హద్దు దగ్గర మేపకండి. తడిసిన లేత పప్పుజాతి మేత ఖాళీ కడుపున పడితే కడుపుబ్బరం వస్తుంది, అలాంటి చెక్కలోకి తోలే ముందు ఎండుచొప్ప కొంచెం తినిపించండి.

రాత్రి మంద ఎక్కడ

మన సీమలో గొర్రెలవాళ్లను పిలిచి చేలో మంద కట్టించుకుని, అందుకు గింజలో డబ్బో ఇవ్వడం పాత ఆచారం. మన జీవాలే ఉన్నప్పుడు ఆ ఎరువును ఇంటి పక్క దొడ్లో ఎందుకు పోగేయాలి? ఎండాకాలంలో చెనక్కాయ చేలో రెండు రాత్రులకోసారి వల జరుపుతూ మంద కడతాం. వానాకాలంలో, బీడులో గడ్డి పలచగా ఉన్న రాళ్ల చోట కడతాం. పెంటికలు, మూత్రం అక్కడే పడతాయి. మూడో ఏడాదికి ఆ రాళ్ల మధ్య గరిక, అంజన్ గడ్డి పట్టుకున్నాయి. కుక్కల బెడద ఉన్న ఊళ్లో వల పక్కన ఒక మనిషి పడుకోక తప్పదు.

క్యాలెండర్, విత్తనం, వేసవి

తలుపు వెనక ఒక క్యాలెండర్ వేలాడదీయండి. మంద ఏ రోజు ఏ చెక్కలోకి వెళ్లింది, ఏ రోజు బయటికొచ్చింది, వాన ఎంత పడింది, ఇవి మాత్రం రాయండి. బడికి వెళ్లే పిల్లలకు ఈ పని అప్పగిస్తే మనకంటే బాగా చేస్తారు. నెల తర్వాత ఆ కాగితం చూస్తే ఏ చెక్క వెనకబడిందో తెలిసిపోతుంది. దాన్ని ఒక చుట్టు వదిలేయండి.

వెనకబడిన చెక్కలో తొలకరికి స్టైలో (పప్పుజాతి మేత మొక్క), అంజన్ గడ్డి చల్లండి. స్టైలో గింజ పైపొర గట్టిది. వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి ఆరబెట్టి చల్లితే మొలక బాగా వస్తుంది. ఎకరాకు మూడు నుంచి నాలుగు కిలోలు చాలు. నేల లోతుగా దున్నకండి, పైపైన గీరి చల్లి, గొర్రెల మందను ఒకసారి నడిపిస్తే గింజ నేలకు అంటుకుంటుంది. ఆ ఏడాది దాన్ని మేపకుండా విత్తనం రాలనివ్వాలి. పక్కన మడికట్టు మీద దశరథ గడ్డి వేసుకుంటే కోసి వేయడానికి ఉంటుంది.

నవంబర్ తర్వాత గడ్డి పెరగదు. ఇక మళ్లీ లేస్తుందని ఎదురుచూసే లెక్క ఉండదు, ఉన్నదాన్ని ఎన్నాళ్లకు పంచుకోవాలన్నదే లెక్క. చెక్కలన్నీ నడిచి చూసి, మిగిలిన మేతను మందకు రోజుకు కావాల్సినదానితో భాగించండి. ఫిబ్రవరికే అయిపోతుందని తేలితే సంక్రాంతికే పొట్టేళ్లు అమ్ముకోవచ్చు, అప్పుడు గిరాకీ ఉంటుంది. వేసవిలో ఒక్క చెక్కను మంద ఉండటానికి వదులుకోండి. అది పాడవుతుందని తెలిసే వదలండి, మిగతా తొమ్మిదీ మిగులుతాయి. ఎండుచొప్ప, చెనక్కాయ కట్టె, తుమ్మకాయలు అక్కడే వేయండి. ఏటా ఆ చెక్కను మార్చండి.

అన్నిటికంటే కష్టమైన వారాలు మొదటి వాన తర్వాత వచ్చేవి. నాలుగు రోజులకే బీడంతా పచ్చటి నూగు కమ్ముకుంటుంది. పశువులు వాసన పట్టి అరుస్తాయి, చొప్ప అయిపోవస్తుంది, ఇంట్లోవాళ్లు గేటు తీయమంటారు. ఆ నూగులో మేత లేదు, నీళ్లే ఉన్నాయి. వేరు కూడా అప్పుడే ఊపిరి తీసుకుంటోంది. ఆ మూడు నాలుగు వారాల కోసం మేము ఏటా యాభై మోపుల చొప్ప పక్కన పెట్టి, దాన్ని మే నెలలో ముట్టం. గడ్డి జానెడు దాటేదాకా మందను ఆ ఒక్క చెక్కలోనే ఉంచి, ఆ మోపులు విప్పండి. ఆ తర్వాత, కిందటేడు చివరగా మేసిన చెక్కను వదిలేసి, అన్నిటికంటే ముందు మేసిన చెక్క గేటు తీయండి.